కంపెనీ పేరు మారింది, డొమైన్ పేరు కూడా మార్చాలా?

(సిస్టమ్ అడ్మిన్ల సమావేశంలో చేసిన ప్రసంగం, చివర్లో అడిగిన ప్రశ్నలతో కలిపి)

అందరికీ నమస్కారం. భోజనం తర్వాత సమయం నాకిచ్చారు కాబట్టి థియరీ తగ్గించి, పని విషయాలే చెబుతాను.

ఇక్కడున్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మెయిల్ వచ్చే ఉంటుంది. కంపెనీని ఎవరో కొన్నారు, లేదా పెద్దవాళ్లు కూర్చుని కొత్త పేరు పెట్టారు. గేటు మీద బోర్డు మారింది, లెటర్‌హెడ్ మారింది, విజిటింగ్ కార్డులు మారాయి. కొన్నాళ్లకు ఎండీ గారి ఆఫీసు నుంచి ఐటీ వాళ్లకు రెండు లైన్లు: “కంప్యూటర్ ఆన్ చేస్తే ఇంకా పాత కంపెనీ పేరే వస్తోంది. ఈ శని, ఆదివారాల్లో మార్చేయండి.”

పేర్లు మారడం మనకు కొత్తేం కాదు. సత్యం 2009లో మహీంద్రా సత్యం అయింది, 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్‌లో ఎస్‌బీఐలో కలిసింది. పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. బోర్డు మార్చడానికి నిచ్చెన, ఇద్దరు మనుషులు ఉంటే చాలు. ఆఫీసు లోపలి నెట్‌వర్క్ పేరు అలా కాదు. నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు కొట్టుకోవచ్చు: కంపెనీ పేరు మారిందన్న ఒక్క కారణంతో, ఆఫీసు యూజర్లను, కంప్యూటర్లను ఒకచోట నిర్వహించే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీలో డొమైన్ పేరు ముట్టుకోవద్దు. ఆ పేరు బయట వేరేవాళ్ల చేతిలో ఉంటే మాత్రం, ఎంత కష్టమైనా మార్చాల్సిందే.

అసలు మనం దేన్ని మార్చమంటున్నారో చూద్దాం. ఒక డొమైన్‌కు ఉండేది ఒక్క పేరు కాదు. డీఎన్‌ఎస్ (పేరు చెబితే మెషీన్ చిరునామా చెప్పే వ్యవస్థ) పేరు ఒకటి, ‘పాతకంపెనీ డాట్ లోకల్’ లాంటిది. విండోస్ ఎన్‌టీ కాలం నుంచి వస్తున్న నెట్‌బయోస్ పేరు ఇంకొకటి, అది 15 అక్షరాలు దాటకూడదు. లాగిన్ దగ్గర బ్యాక్‌స్లాష్‌కు ఎడమపక్క పెద్ద అక్షరాల్లో కనబడేది ఇదే. ఎండీ గారి కంట్లో పడేది కూడా ఇదే. డీఎన్‌ఎస్ పేరునే పెద్ద అక్షరాల్లో రాస్తే లాగిన్లు సరిచూసే కెర్బరోస్ పద్ధతిలో రెల్మ్ అవుతుంది. దాన్నే చుక్క దగ్గర విరగ్గొట్టి ‘డీసీ ఈక్వల్స్ పాతకంపెనీ, డీసీ ఈక్వల్స్ లోకల్’ అని రాస్తే డైరెక్టరీని వెతికే ఎల్‌డాప్‌లో ప్రతి యూజర్‌కూ, ప్రతి గ్రూపుకూ తోకగా ఉంటుంది. అంటే లాగిన్ స్క్రీన్ మీద కనబడే ఆ ఒక్క ముక్క వెనక, మనిషి కంటికి ఎప్పుడూ కనబడని చోట్ల ఇదే పేరు వేలసార్లు రాసి ఉంటుంది.

2000లో విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ వచ్చినప్పుడు, పెట్టిన పేరు పెట్టినట్టే ఉండిపోవాలి, మార్చడానికి టూల్ ఇవ్వలేదు. విండోస్ సర్వర్ 2003తో రెన్‌డమ్ అనే టూల్ ఇచ్చారు. ఇచ్చారు గానీ దాన్ని వాడమని మైక్రోసాఫ్ట్ ఎవర్నీ ఎగదోయలేదు. ఆ డాక్యుమెంట్ చదివితే మీకే అర్థమవుతుంది, ప్రతి పేజీలోనూ ఏదో ఒక హెచ్చరిక ఉంటుంది.

ఇప్పుడు ఎండీ గారి మెయిల్‌కు వద్దాం. ఆయనకు కావలసింది ఏమిటి? ఉద్యోగులు కొత్త పేరుతో లాగిన్ అవ్వాలి, అంతే కదా. దానికి డొమైన్ మార్చక్కర్లేదు. డొమైన్స్ అండ్ ట్రస్ట్స్ కన్సోల్ తెరిచి, కొత్త యూపీఎన్ సఫిక్స్, అంటే లాగిన్ పేరులో @ తర్వాత వచ్చే భాగం, ఒకటి చేర్చండి. పవర్‌షెల్‌తో యూజర్లందరికీ అది పెట్టండి. రేపటి నుంచి అందరూ తమ కొత్త ఈమెయిల్ అడ్రస్‌తోనే లాగిన్ అవుతారు. డొమైన్ పేరు అడుగున అలాగే ఉంటుంది, ఎవరికీ కనబడదు. ఏ సర్వరూ రీస్టార్ట్ చేయక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్లకు ఎలాగూ ఈ పని తప్పదు. డాట్ లోకల్ లాంటి పేరును క్లౌడ్‌లో మీదేనని వెరిఫై చేయించలేరు కాబట్టి, సఫిక్స్ మార్చకుండా సింక్ చేస్తే యూజర్లందరి లాగిన్ చివర ఆన్‌మైక్రోసాఫ్ట్ డాట్ కామ్ అని వచ్చి కూర్చుంటుంది. ముందు నలుగురైదుగురికి మార్చి చూడండి. ఏదైనా అప్లికేషన్ పాత యూపీఎన్‌నే ఐడీగా దాచుకుని ఉంటే అక్కడే బయటపడుతుంది. అంత దాకా వచ్చాక “అయిపోయింది సార్” అని జవాబు రాసేయండి. చాలా ఆఫీసుల్లో కథ ఇక్కడితో ముగియాలి.

కానీ ఒక్క పని మాత్రం మర్చిపోకండి. కంపెనీ పేరు మారగానే పాత వెబ్‌సైట్ మార్కెటింగ్ వాళ్లకు అక్కర్లేదు. రెన్యూవల్ వస్తుంది, ఇంకెందుకులే అని వదిలేస్తారు. మీ యాక్టివ్ డైరెక్టరీ పేరు కూడా అదే పాత డాట్ కామ్ అయితే? ఆ పేరు మార్కెట్లోకి వస్తుంది, ఎవరో కొనుక్కుంటారు. మీ ఆఫీసులో ఉన్నంతసేపు ఏ తేడా తెలియదు, ఎందుకంటే లోపలి డీఎన్‌ఎస్ సర్వర్ మీ జవాబే ఇస్తుంది. ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికో, కాఫీ షాపుకో వెళ్లినప్పుడు అది అదే పేరును బయటి ఇంటర్నెట్‌ను అడుగుతుంది. అప్పుడు జవాబిచ్చేవాడు మీవాడు కాదు.

ఇది ఊహ కాదు. కార్ప్ డాట్ కామ్ సంగతి చాలామంది వినే ఉంటారు, అయినా చెబుతాను, ఎందుకంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. యాక్టివ్ డైరెక్టరీ తొలి రోజుల్లో దాన్ని పెట్టేటప్పుడు ఉదాహరణగా ‘కార్ప్’ అనే పేరు చూపించేవాళ్లు. చాలా కంపెనీలు దాన్నే మార్చకుండా అలాగే పెట్టేసుకున్నాయి. విండోస్ చిన్న పేరును వెతికేటప్పుడు దానికి తోకలు తగిలించి చూస్తుంది. అలా ఆ మెషీన్లు ఆఫీసు దాటి బయటికెళ్లినప్పుడు కార్ప్ డాట్ కామ్‌ను అడగడం మొదలుపెట్టాయి. ఆ డొమైన్‌ను మైక్ ఓకానర్ అనే అమెరికన్ 1994లోనే కొని పెట్టుకున్నాడు. అది చెడ్డవాళ్ల చేతిలో పడితే ఎంత ప్రమాదమో ఆయనకు తెలుసు, అందుకే ఏళ్లతరబడి అమ్మలేదు. 2019లో జెఫ్ ష్మిట్ అనే సెక్యూరిటీ నిపుణుడు దాని మీద కొన్ని నెలలు పరిశీలన చేశాడు. 3,75,000కు పైగా విండోస్ కంప్యూటర్లు, తమకు ఏ సంబంధమూ లేని ఆ డొమైన్‌కు సమాచారం పంపబోతున్నాయని తేలింది. కొద్దిసేపు మెయిల్ తీసుకునేలా పెట్టి చూస్తే, ఒక గంటలో కోటీ ఇరవై లక్షలకు పైగా మెయిళ్లు వచ్చి పడ్డాయి. వెంటనే ఆపేశారు. 2020లో ఓకానర్ దాన్ని 17 లక్షల డాలర్ల ప్రారంభ ధరకు అమ్మకానికి పెట్టాడు, ఏప్రిల్‌లో మైక్రోసాఫ్టే కొనుక్కుంది. ఎంతకు కొన్నదీ బయటపెట్టలేదు.

విండోస్ మెషీన్ తన డొమైన్ కంట్రోలర్‌ను (లాగిన్లు సరిచూసే సర్వర్‌ను) నమ్మి సిస్‌వాల్ ఫోల్డర్ నుంచి లాగాన్ స్క్రిప్టులు తెచ్చుకుని నడుపుతుంది కదా. దారిలో ఎవరైనా “నేనే డొమైన్ కంట్రోలర్‌ని” అంటే వాడి స్క్రిప్టు నడిపే ప్రమాదం ఉండేది. 2015 ఫిబ్రవరిలో ఎంఎస్15-011 అనే ప్యాచ్ వచ్చింది ఇందుకే. ఆ లోపాన్ని కనిపెట్టినవాళ్లూ ఇలా పేర్లు ఢీకొనే సమస్యను తవ్వుతూనే అక్కడికి చేరారు. కాబట్టి పాత డొమైన్ రెన్యూవల్‌ను మార్కెటింగ్ బడ్జెట్‌లోంచి ఐటీ బడ్జెట్‌లోకి తెచ్చుకోండి. ఏడాదికి అయ్యేది మహా అయితే వెయ్యి, రెండు వేలు.

ఇక డాట్ లోకల్. మన దగ్గర చిన్న, మధ్యతరహా ఆఫీసుల్లో దాదాపు అన్నిచోట్లా ఇదే కనబడుతుంది. స్మాల్ బిజినెస్ సర్వర్ పెట్టినవాళ్లకు మైక్రోసాఫ్టే ఆ పేరు చేతిలో పెట్టింది. తర్వాత ఆపిల్ తన బాంజూర్ కోసం అదే డాట్ లోకల్‌ను వాడింది, 2013 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 6762 అనే ఇంటర్నెట్ ప్రమాణం వచ్చి దాన్ని మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్‌కు అధికారికంగా కేటాయించింది. దీనివల్ల వచ్చే తలనొప్పి మ్యాక్‌లు, లినక్స్ మెషీన్లు ఉన్నచోటే. అవి డాట్ లోకల్ అని చూడగానే మీ డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడగకుండా, 224.0.0.251కి కేకేసి పక్క మెషీన్లను అడుగుతాయి. మ్యాక్‌లో లాగిన్ నత్తనడక నడుస్తుంది. కొన్ని లినక్స్‌లలో అయితే ఎన్‌ఎస్‌స్విచ్ ఫైల్‌లో పేర్లు వెతికే వరస మార్చేదాకా పేరే దొరకదు. పైగా బయటి సర్టిఫికెట్ సంస్థలు లోపలి పేర్లకు, సర్వర్ అసలుదేనని చెప్పే సర్టిఫికెట్లు ఇవ్వడం 2015 నవంబరుతో ఆపేశాయి, ఉన్నవాటిని కూడా 2016 అక్టోబరుకల్లా రద్దు చేయాల్సి వచ్చింది. అయినా డాట్ లోకల్‌ను ఎవరూ కొనుక్కోలేరు. చిరాకే తప్ప దొంగతనం భయం లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

సరే, మార్చాల్సిందే అని తేలింది అనుకుందాం. రెన్‌డమ్ ఎలా నడుస్తుందో టూకీగా చెబుతాను, కమాండ్లన్నీ డాక్యుమెంట్‌లో ఉన్నాయి. డొమైన్ కంట్రోలర్ కాని ఒక మెంబర్ సర్వర్‌లో కూర్చుని చేస్తారు. కొత్త పేరుతో డీఎన్‌ఎస్ జోన్ ముందే తయారుగా ఉండాలి. ‘లిస్ట్’ కొడితే ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్ వస్తుంది, అందులో పాత పేరు తీసి కొత్తది రాస్తారు. ‘అప్‌లోడ్’ అనగానే ఫారెస్ట్ (అంటే డొమైన్లన్నీ కలిసిన మొత్తం) కాన్ఫిగరేషన్ గడ్డకడుతుంది. తర్వాత ‘ఎండ్’ కొట్టేదాకా కొత్త డొమైన్ కంట్రోలర్ చేర్చలేరు, ఉన్నది తీయలేరు. ‘ప్రిపేర్’ అన్నప్పుడు ప్రతి డొమైన్ కంట్రోలరూ తయారని జవాబివ్వాలి. విశాఖ బ్రాంచిలో ఒకటి లింకు పడిపోయి ఉంటే పని అక్కడే ఆగుతుంది. ‘ఎగ్జిక్యూట్’ కొడితే డొమైన్ కంట్రోలర్లన్నీ వాటంతట అవే మార్చుకుని రీబూట్ అవుతాయి. ఆ తర్వాత గ్రూప్ పాలసీల కోసం జీపీఫిక్సప్ నడపాలి.

మనవాళ్లు కంగారుపడేది ఎగ్జిక్యూట్ దగ్గర. నిజానికి అన్నిటికంటే సాఫీగా నడిచేది అదే. యూజర్ల ఎస్‌ఐడీలు, అంటే విండోస్ లోపల ఒక్కొక్కరికీ ఉండే గుర్తింపు సంఖ్యలు, మారవు, కాబట్టి వాళ్ల ప్రొఫైళ్లు, ఫోల్డర్ పర్మిషన్లు చెక్కుచెదరవు. గొడవ మొదలయ్యేది సోమవారం పొద్దున. డొమైన్‌లో ఉన్న ప్రతి కంప్యూటరూ రెండుసార్లు రీస్టార్ట్ కావాలి. ఒక్కసారి కాదు, రెండుసార్లు. అది కూడా వైఫై మీద కాకుండా కేబుల్ మీద ఉంటే మంచిది. సెలవులో ఉన్నవాళ్ల ల్యాప్‌టాప్, అమెరికాలో క్లయింట్ దగ్గరున్న వాడి ల్యాప్‌టాప్, స్టోర్ రూమ్‌లో స్విచ్ఛాఫ్ చేసి పెట్టిన పది మెషీన్లు, ఇవన్నీ పాత పేరు జాడలు తుడిచే ‘క్లీన్’ కొట్టేలోపు రెండుసార్లు రీబూట్ కాకపోతే, డొమైన్‌లోంచి తీసి మళ్లీ చేర్చాల్సిందే. అందుకే క్లీన్ దగ్గర తొందరపడవద్దు. రోజులు పట్టినా పట్టనివ్వండి. అన్నట్టు, డొమైన్ కంట్రోలర్ల సొంత పేర్ల చివర మాత్రం పాత తోక అలాగే ఉండిపోతుంది. దాన్ని నెట్‌డామ్‌తో విడిగా మార్చుకోవాలి.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న అమ్మాయిని అడగండి, మార్చుకోవడం ఒక్క పూట పని, ఆ తర్వాత ఆధార్, పాన్, బ్యాంకు, గ్యాస్ కనెక్షన్ చుట్టూ ఏడాది తిరగాలి. డొమైన్‌కూ అంతే. విండోస్ తన లోపల రాసుకున్నది తాను మార్చుకుంటుంది. మనుషులు చేత్తో రాసినవి మారవు. వీపీఎన్ కోసం ఫైర్‌వాల్‌లో పెట్టిన ఎల్‌డాప్ లైన్ ఒకటి. జిరాక్స్ మెషీన్‌లో స్కాన్ చేస్తే ఫోల్డర్‌లో పడేలా పెట్టిన దారి, అది పెట్టిన ఇంజినీరు ఎప్పుడో ఉద్యోగం మానేసి ఉంటాడు. వేలిముద్ర హాజరు సాఫ్ట్‌వేర్ డేటాబేస్ కనెక్షన్. ట్యాలీ డేటా ఉన్న షేర్ పాత్. బ్యాకప్ నడిపే సర్వీస్ అకౌంట్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లింక్డ్ సర్వర్లు. జెన్‌కిన్స్. లినక్స్ సర్వర్లలో కెర్బరోస్ కీట్యాబ్‌లు, వాటిని మళ్లీ డొమైన్‌లో చేర్చడం తప్ప దారి లేదు. లాగాన్ బ్యాచ్ ఫైళ్లు.

అన్నిటికంటే మొండివి అకౌంట్స్ వాళ్ల ఎక్సెల్ షీట్లు. ఒక షీట్ ఇంకో షీట్‌లోంచి అంకె లాగుతుంది, ఆ దారిలో పూర్తి డొమైన్ పేరు ఉంటుంది. మామూలు రోజుల్లో ఎవరికీ తెలియదు. మార్చి 31న తెలుస్తుంది.

సర్టిఫికెట్లలో అయితే, రద్దయినవాటి జాబితా ఎక్కడ దొరుకుతుందో ఆ చిరునామా సర్టిఫికెట్ లోపలే అచ్చై ఉంటుంది. దాన్ని దిద్దలేం. కాలం తీరేదాకా పాత పేరు కూడా జవాబిచ్చేలా ఉంచాలి.

వీటిని ఎలా పట్టుకోవాలి? అందరికీ ఎక్సెల్ ఫార్మాట్ పంపి నింపమంటే ఎవరూ నింపరు, నింపినా నిజం ఉండదు. డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడగండి. పేరు మార్చడానికి నెలల ముందే క్వెరీ లాగింగ్ ఆన్ చేసి, ఏ ఐపీ ఏ పేరు అడుగుతోందో చూడండి. మార్చాక కూడా పాత జోన్ తీయకుండా ఉంచి, దాన్ని ఇంకా ఎవరు తడుతున్నారో రోజూ చూడండి. ఎవరూ తట్టని రోజు వచ్చి, ఆ తర్వాత ఒక ఆర్థిక సంవత్సరం ముగింపు కూడా గడిస్తే అప్పుడు తీయండి.

ఒక్క గందరగోళం తీర్చాలి. రెండు కంపెనీలు కలిసినప్పుడు జరిగేది పేరు మార్పు కాదు. రెన్‌డమ్ రెండు ఫారెస్టులను ఒకటి చేయలేదు. అక్కడ చేయాల్సింది మైగ్రేషన్, అంటే రెండింటి మధ్య ట్రస్ట్ (ఒకదాని లాగిన్లను ఇంకోటి నమ్మే ఏర్పాటు) పెట్టి యూజర్లను, మెషీన్లను ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి తరలించడం. యూజర్‌కు కొత్త ఎస్‌ఐడీ వస్తుంది, పాతది ఎస్‌ఐడీ హిస్టరీలో మోసుకెళ్లాలి. ఎక్కువ పని, కానీ విడతలవారీగా చేయొచ్చు. ఈ శుక్రవారం హెచ్‌ఆర్, వచ్చే శుక్రవారం సేల్స్. ఏదైనా బెడిసికొడితే పాత డొమైన్ ఇంకా బతికే ఉంటుంది. రెన్‌డమ్‌లో ఆ సుఖం లేదు, అందరూ ఒకేసారి గోదాట్లో దిగాల్సిందే. అందుకే పెద్ద కంపెనీ అయితే ఉత్త పేరు మార్పుకు కూడా నేను కొత్త డొమైన్ పెట్టి తరలించడానికే ఓటు వేస్తాను.

చివరగా, కొత్త పేరు ఏం పెట్టాలి? మీరు డబ్బు కట్టి రిజిస్టర్ చేసుకున్న డొమైన్ కింద ఒక సబ్‌డొమైన్. ‘ఏడీ డాట్ మీపేరు డాట్ ఇన్’ లాంటిది. వెబ్‌సైట్ పేరునే నేరుగా పెట్టకండి. పెడితే ఆఫీసు లోపల ఆ పేరు డొమైన్ కంట్రోలర్ల దగ్గరికి తీసుకెళ్తుంది, డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ కొట్టకుండా మన వెబ్‌సైట్‌ను మనమే చూడలేం. నా సలహా ఇంకో మెట్టు పైకి: అందులో బ్రాండ్ పేరే ఉండనివ్వకండి. పొట్టిగా, అర్థం లేని నాలుగైదు అక్షరాల డొమైన్ కొనండి. మళ్లీ అయిదేళ్లకు కంపెనీ పేరు మారినా మీ జోలికి ఎవరూ రారు. ఇక అడగండి.

ప్రశ్న: సార్, మా దగ్గర ఎక్స్ఛేంజ్ 2016 మెయిల్ సర్వర్ ఆఫీసులోనే నడుస్తోంది. రెన్‌డమ్ చేయొచ్చా?

వద్దండీ. ఎక్స్ఛేంజ్ 2003కి మాత్రమే, అదీ దానికంటూ ఇచ్చిన ప్రత్యేక టూల్‌తో, పేరు మార్పుకు సపోర్ట్ ఉండేది. 2007 నుంచి వచ్చిన ఏ వెర్షన్‌కూ లేదు. చేసేశాం, నడుస్తోంది అని చెప్పేవాళ్లు దొరుకుతారు. రేపు ఏదైనా అయితే మైక్రోసాఫ్ట్ సపోర్ట్ మీ ఫోన్ పెట్టేస్తుంది. ముందు మెయిల్‌బాక్సులు 365కి తరలించి ఎక్స్ఛేంజ్‌ను పూర్తిగా తీసేయడమో, కొత్త ఫారెస్టుకు మైగ్రేట్ అవ్వడమో చూడండి.

ప్రశ్న: ఇప్పుడు డాట్ ఇంటర్నల్ అని ఒకటి వచ్చింది కదా సార్, అది పెట్టుకుంటే పోలేదా?

2024 జులైలో, ఇంటర్నెట్ పేర్లను పర్యవేక్షించే సంస్థ ఐకాన్ దాన్ని ప్రైవేటు వాడకానికే ఉంచేసింది, ఎప్పటికీ బయట ఎవరికీ అమ్మరు. 2018లో డాట్ కార్ప్, డాట్ హోమ్, డాట్ మెయిల్ ఎవరికీ ఇవ్వకూడదని తీర్మానించిన దానికి ఇది కొనసాగింపు అనుకోవచ్చు. ఫ్యాక్టరీలో, ల్యాబ్‌లో, బయటికి పోని నెట్‌వర్క్‌కు నిక్షేపంగా పెట్టుకోండి. యాక్టివ్ డైరెక్టరీకి మాత్రం నేను పెట్టను. దానికి పబ్లిక్ సర్టిఫికెట్ రాదు, క్లౌడ్‌లో వెరిఫై కాదు. పైగా రేపు మీరు కలిసే కంపెనీ కూడా అదే పేరు పెట్టుకుని ఉంటే, ఒకే పేరున్న రెండు డొమైన్ల మధ్య ట్రస్ట్ పెట్టలేరు.

ప్రశ్న: మాది నూటయాభై సిస్టమ్స్ ఉన్న ఆఫీసు, డాట్ లోకల్. అన్నీ విండోసే. పేరు కూడా పాత కంపెనీదే. ఇప్పటిదాకా ఏ ప్రాబ్లమూ లేదు. ఏం చేయమంటారు?

యూపీఎన్ సఫిక్స్ మార్చి వదిలేయండి. మీ పాత ఈమెయిల్ డొమైన్ రెన్యూవల్ ఎప్పుడుందో, ఎవరి ఈమెయిల్‌కు రిమైండర్ వస్తోందో సోమవారం చూడండి. రిజిస్ట్రార్ అకౌంట్ మానేసిన ఉద్యోగి పేరు మీద ఉంటే ముందు అది మార్పించండి.